ఇసుక పలక

లండన్‌కి ఉత్తరాన, రైలెక్కితే అరగంట దూరంలో హిచిన్ అని ఒక చిన్న ఊరు. అక్కడ క్వీన్ స్ట్రీట్‌లో ఒక పాత బడి ఉంది. రోజూ పలకా బలపం పట్టుకొని వచ్చే పిల్లలు ఇప్పుడు అందులో లేరు. చూడ్డానికి వచ్చేవాళ్లున్నారు, చూపించే వాలంటీర్లున్నారు. పక్కనే ఉన్న స్టీవనేజ్‌లో మా అబ్బాయి ఉద్యోగం. వాళ్ల దగ్గర కొన్నాళ్లుండి వద్దామని వెళ్లినప్పుడు, ముప్పై నాలుగేళ్లు ఎలిమెంటరీ బడిలో చాకిరీ చేసిన అత్తమ్మకు నచ్చుతుందని మా కోడలు నన్నూ మనవరాలినీ అక్కడికి తీసుకెళ్లింది.

పెద్ద హాలు. కిటికీలు మనిషి ఎత్తుకు పైన ఉన్నాయి. కింది గోడంతా పాఠాల అట్టలు తగిలించుకోవడానికి వదిలేసేవాళ్లట. ఒకటే గది, ఒక్క మాస్టరు, 300 మంది మగపిల్లలు. గుమ్మంలోనే ఆగిపోయాను. నా బడిలో పిల్లలు నిండుగా ఉన్న ఏడు కూడా 53 మందే. ఒకటి నుంచి అయిదు దాకా తరగతులు, ఒకటే గది, నేనొక్కదాన్నే. ఆ 53 మందికే సాయంత్రమయ్యేసరికి గొంతు బొంగురుపోయేది. మూడు వందల మందితో ఆ మాస్టరు ఎలా నెట్టుకొచ్చాడో మాటల్లో చెప్పనక్కర్లేకుండానే నాకు తెలిసిపోయింది. ఆయన నెట్టుకొచ్చి ఉండడు. పిల్లలే నెట్టుకొచ్చి ఉంటారు.

పాతకాలపు నల్లగౌను వేసుకున్న ఒకావిడ, ఇంచుమించు నా ఈడే, మమ్మల్ని లోపలికి పిలిచింది. బల్ల మీద లోతు తక్కువ పెట్టె, అందులో సన్నటి ఇసుక. వేలితో రాయమంటే పాప తన పేరు ఇంగ్లీషులో రాసింది. ఆవిడ చెక్కముక్కతో ఇసుక చదును చేసి పెట్టె నావైపు జరిపింది. నేనేమీ అనుకోలేదు, వేలు తనంతట తానే పోయి ‘ఓ’ రాసింది.

ఏం అక్షరమని అడిగింది. మా దగ్గర చదువు ఈ అక్షరంతోనే మొదలవుతుందని చెప్పాను. ఆవిడ నా ముఖంలోకి చూసి, ఈ ఇసుక కూడా మీ దగ్గర్నుంచి వచ్చిందే, మద్రాసు నుంచి, అంది.

ఆ సంగతి నాకు తెలియంది కాదు. మన పాతకాలపు బడుల గురించి ధరంపాల్ 1983లో వెలువరించిన ‘ది బ్యూటిఫుల్ ట్రీ’ని చాలా ఏళ్ల కిందట ఒక ట్రైనింగులో ఎవరో చేతికిస్తే రాత్రుళ్లు కూర్చుని చదివాను. అయితే పుస్తకంలో చదివినప్పుడు అది పాత కాగితాల సంగతి. ఇక్కడ ఒక తెల్లావిడ, ఎవరూ జీతమివ్వని పనిలో, ఆ ఇసుకను రోజూ జల్లించి పెట్టెలో పోసి, వచ్చిన ప్రతి పిల్లకీ అది మద్రాసుదని చెబుతోంది. తిరుగు రైల్లో పాప అడిగినవాటికి కూడా నేను సరిగా జవాబివ్వలేకపోయాను.

కథ ఇది. ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు మతగురువు 1787లో మద్రాసు వచ్చాడు. 1789 నుంచి ఎగ్మూరులో సైనికుల అనాథ మగపిల్లల ఆశ్రమానికి పెద్దగా ఉన్నాడు. ఒక పొద్దున గుర్రం మీద పోతూ, స్థానికుల బడి ముందు పిల్లలు నేల మీద కూర్చుని ఇసుకలో అక్షరాలు దిద్దుకోవడం చూశాడు. తన ఆశ్రమంలోనూ అలాగే చెప్పమంటే చిన్న తరగతి ఉపాధ్యాయుడు ఇది అయ్యే పని కాదన్నాడు. బెల్ వదల్లేదు. జాన్ ఫ్రిస్కెన్ అని ఎనిమిదేళ్లవాడు, ఒక మామూలు సిపాయి కొడుకు, వాణ్ని పిలిచి చిన్నపిల్లల్ని అప్పగించాడు. పెద్దాయన కాదన్న పనిని ఆ పిల్లవాడు చేసి చూపించాడు. బెల్ 1797లో లండన్‌లో ఈ సంగతులన్నీ పుస్తకంగా అచ్చువేశాడు. మరుసటి ఏడు జోసెఫ్ లాంకాస్టర్ అనే ఇరవయ్యేళ్ల కుర్రాడు లండన్ సౌత్‌వార్క్‌లో పేదపిల్లలకు బడి పెట్టి, ఇలాంటి పద్ధతినే ఇంకా పెద్ద ఎత్తున నడిపాడు. ఒక మాస్టరు కింద పిల్లగురువులు, ఒక్కొక్కరి కింద పదిమంది చిన్నవాళ్లు. హిచిన్‌లో విలియం విల్షియర్ అనే లాయరు 1810లో ఆ పద్ధతి బడి తెరిచాడు. బీరుకు బార్లీ మొలకెత్తించే ఒక పాత కొట్టమే అప్పటి బడి. నేను నిలబడ్డ హాలు 1837లో కట్టింది. ఆ కాలంలో ఇలాంటి హాళ్లు ఇంగ్లండులోనూ అమెరికాలోనూ చాలా లేచాయి. చెడకుండా ఉన్నవాటిలో ఇదొక్కటే మిగిలిందంటారు.

ఇంకోవైపు కథ మా ఊళ్లది. 1822లో మద్రాసు గవర్నరుగా ఉన్న మన్రో, జిల్లాల్లో బడులెన్ని ఉన్నాయో, ఎవరు చదువుతున్నారో లెక్క పంపమని కలెక్టర్లను అడిగాడు. బళ్లారి కలెక్టరు క్యాంబెల్ 1823 ఆగస్టులో జవాబు రాశాడు. బళ్లారి అంటే అప్పుడు మా అనంతపురం కూడా కలిసే ఉండేది. మా జిల్లా విడివడింది 1882లో. ఆ లెక్కలో 533 బడులు. వాటిలో తెలుగు బడులు 226. లెక్క ఒక్కటే రాసి ఊరుకోలేదు ఆయన. తెల్లారి ఆరింటికి ముందే బడికి చేరుకోవడం, ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాయడం, రెండోవాడికి సున్న చుట్టడం, మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా వచ్చేకొద్దీ ఒక్కొక్కటి పెంచుకుంటూ పోవడం, అన్నీ రాశాడు. ఇసుకలో వేలితో దిద్దడం రాశాడు. పెద్దపిల్లలు చిన్నవాళ్లకు చెబుతూ, చెప్పడంలోనే తమ చదువు గట్టి చేసుకోవడం మెచ్చుకోదగ్గ పద్ధతి అనీ, ఇంగ్లండు దీన్ని పట్టుకుపోవడం సబబే అనీ రాశాడు. అర్థం తెలియని పద్యాలు పిల్లలచేత వల్లె వేయించడం మాత్రం ఆయనకు నచ్చలేదు. నాకూ నచ్చదు.

మా తాత ఈ లెక్కలేవీ చదవలేదు. ఆయన వీధిబడిలో చదువుకున్నాడు. ఆ బడికి గది లేదు. ఒక కోమట్ల ఇంటి వీధి అరుగే బడి. అరుగు కింద ఇసుక, అరుగు మీద అయివారు. ముందొచ్చినవాడికి అరచేతిలో ‘శ్రీ’, రెండోవాడికి ‘చుక్క’. ఎనభయ్యేళ్ల వయసులో కూడా తాత అరచెయ్యి చాపి, ఇదిగో ఇక్కడ, అని చూపించేవాడు. చలికాలం చీకట్లో కంబళి కప్పుకొని పరుగెత్తేవాళ్లట. శ్రీ పడిన రోజు ఇంటికొచ్చి చెయ్యి కడుక్కోవడానికి ఒప్పుకోడని వాళ్లమ్మ కోప్పడేదట. అల్లరి చేస్తే కోదండం. దూలానికి తాడు కట్టి, దాన్ని పట్టుకుని వేలాడమనేవారు. హిచిన్ నుంచి వచ్చాక లాంకాస్టర్ గురించి ఇంకాస్త చదివితే, ఆయన బడిలో తప్పు చేసినవాణ్ని బుట్టలో కూర్చోబెట్టి పైకప్పుకు వేలాడదీసేవారని తెలిసింది. పిల్లల్ని కొట్టకుండా ఇలాంటివి చేస్తే మంచిదని ఆయన నమ్మాడట. పిల్లవాడి సిగ్గు మీద కొట్టిన దెబ్బ ఒంటి మీద దెబ్బకన్నా ఎక్కువ రోజులు ఉంటుందని నా అనుభవం.

హిచిన్ ఆవిడతో మళ్లీ రెండుసార్లు మాట్లాడాను. కోడలు ఆఫీసుకు పోయినప్పుడు నేనొక్కదాన్నే రైలెక్కి వెళ్లాను. అక్కడ పని ఎలా జరుగుతుందో తెలుసుకోవాలనిపించింది. బడి పిల్లలు 1969లోనే కొత్త భవనానికి వెళ్లిపోయారు. మిగిలిన పాత గదులు ఎవరికీ పట్టకుండా పోవాల్సినవే. ఊళ్లో జిల్ గ్రే అని పాత సంగతులంటే ప్రాణమిచ్చే ఒకావిడ, ఆ హాలు ఏమిటో గుర్తుపట్టి దాన్ని పోనివ్వకూడదని పట్టుబట్టింది. పాత పిల్లల పుస్తకాలు, పలకలు, బడిసామాను పోగుచేస్తూ పోయింది. ఆవిడ పోయాక ఊరివాళ్లు ట్రస్టుగా కూడి ఆ పని చేతికి తీసుకున్నారు. ఇప్పుడు నడిపేది ఎక్కువగా వాలంటీర్లే.

వాళ్లు చేసే పనిలో చూపరులకు కనబడేది తక్కువ. నల్లగౌను వేసుకుని పిల్లలకు పాతకాలపు పాఠం చెప్పడం కనబడుతుంది. వానకాలం ముందు చూరు కాలవల్లో ఆకులు తీయడం కనబడదు. ఎక్కడ తేమ ఎక్కుతోందో గోడకు చెయ్యి ఆనించి చూడటం, పాత దస్త్రాల్లో చెరిగిపోతున్న సిరా రాతను భూతద్దం పెట్టి ఎత్తిరాయడం, పగిలిన పలకకు చట్రం బిగించడం, టీ కప్పులు కడగడం, ఎవరు ఏ రోజు తాళం తీయాలో కాగితం మీద రాసుకోవడం. రిటైరైన మనుషులు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు. వాళ్లలో చాలామంది ఆ బడిలో చదివినవాళ్లు కూడా కాదట. మరెందుకని అడిగాను. ఆవిడకు ప్రశ్న అర్థం కాలేదు. మళ్లీ అడిగితే, ఇది మా ఊళ్లో ఉంది కదా, అంది.

ఆ జవాబు నన్ను చాలా రోజులు వదల్లేదు.

మా ఊళ్లో ఉగాదికి ముందు రాములవారి గుడికి సున్నం కొడతారు. ఎవరూ చెప్పక్కర్లేదు. ఒకడు సున్నం తెస్తాడు, ఒకడు నిచ్చెన తెస్తాడు, ఆడవాళ్లు కల్లాపి చల్లి ముగ్గులేస్తారు. అదే ఊళ్లో, ఆ గుడికి యాభై గజాల దూరంలో, నా బడిగోడ పెచ్చులూడి పన్నెండేళ్లు అలాగే ఉంది. ఊరివాళ్లు చెడ్డవాళ్లు కారు. నాకు జ్వరం వస్తే నాలుగిళ్ల నుంచి గంజి వచ్చేది. కానీ బడి వాళ్లది కాదు, సర్కారుది. గోడ కూలితే నాతో వచ్చి చెప్పేవాళ్లు, మేడం, మీ గోడ కూలింది, అని. అంతకుముందున్న అరుగు బడేమో కోమట్లది. ఒకరి ఇంటి అరుగు నుంచి చదువు తిన్నగా సర్కారు గదిలోకి నడిచిపోయింది. మధ్యలో ఎక్కడా, ఒక్క అడుగు కూడా, ఊరి చేతిలో ఆగలేదు. ఈ మాట నేను హిచిన్ హాల్లో బెంచీ మీద కూర్చుని ఉన్నప్పుడు తట్టింది. ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో తట్టలేదు.

ఆ అరుగును తలుచుకుని ఉత్తినే కళ్లు తుడుచుకోలేను. క్యాంబెల్ లెక్కలో పిల్లలు మొత్తం 6,641 మంది. అందులో హిందూ ఆడపిల్లలు 60 మంది. మొత్తం జిల్లాకి అరవై మంది. తాత చదివిన అరుగు మీద ఒక్క ఆడపిల్ల లేదు, ఊరి బయటి వాడల పిల్లలు ఆ అరుగు దరిదాపులకు కూడా వచ్చే వీలు లేదు. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లోనే ఆ కొద్దిపాటి బడులు కూడా తరిగిపోతున్నాయని, సీమగుడ్డ దిగి నేతపనివాళ్ల చేతిలో డబ్బు ఆడటం లేదని, జనం బీదపడ్డారని కూడా క్యాంబెలే రాశాడు. మనం పోగొట్టుకున్నదాంట్లో మంచి ఎంతో, కొందరిని రానివ్వకపోవడం ఎంతో, రెండూ ఒకే ఇసుకలో కలిసిపోయి ఉన్నాయి. సర్కారు బడి తలుపు తెరవకపోతే నేను టీచరునయ్యేదాన్నే కాదు. ఈ మాట ఎప్పుడూ మరిచిపోను.

పెద్దపిల్లలు చిన్నవాళ్లకు చెప్పే ఆ ‘మద్రాసు పద్ధతి’ని నా బడిలో ఎవరూ ప్రవేశపెట్టలేదు. అవసరమే పెట్టింది. ప్రతి బడికీ కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు అని 1987లో ఆపరేషన్ బ్లాక్ బోర్డు మొదలైనప్పుడు నాకు పెళ్లినాటంత సంబరమైంది. అట్లాసు, గ్లోబు, ఒక పెట్టెలో సైన్సు సామాను వచ్చాయి. రెండో టీచరు మాత్రం ఏళ్ల తర్వాత వచ్చాడు, ఏడాదికే బదిలీ అయి వెళ్లాడు. అందుకని అయిదో తరగతి పిల్లల్ని ఒకటో తరగతి వాళ్ల దగ్గర కూర్చోబెట్టేదాన్ని. బయట కానుగ చెట్టు కింద చిత్రావతి ఏటి ఇసుక ఒక బండెడు పోయించుకున్నాను, పలకలు పగిలినవాళ్లు అందులో రాసేవాళ్లు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్లు చుట్టుపక్కల ఒంటి టీచరు బడుల కోసం మెట్లు మెట్లుగా కార్డులు తయారుచేశారనీ, ఏ పిల్ల ఏ మెట్టు మీద ఉంటే అక్కడ్నుంచే ఎక్కుతుందనీ తర్వాత తెలిసి ఒకసారి చూసొచ్చాను. అక్కడ అది ఒక శాస్త్రంగా ఉంది. నా దగ్గర మాత్రం తోచిన తెరువు.

ఎస్సీ కాలనీ నుంచి ఒక పిల్ల వచ్చేది. అయిదో తరగతిలో ఉన్నప్పుడు చిన్నవాళ్లకు కూడికలు చెప్పేది. చేతిలో బుడ్డలు, అంటే వేరుశనక్కాయలు, పట్టుకొచ్చి, ఇసుకలో వరసగా గుచ్చి, ఒక్కొక్కటి లెక్కబెట్టించి, సరిగ్గా చెప్పినవాడికి అది వలిచి నోట్లో పెట్టేది. నేను ఏ ట్రైనింగులోనూ నేర్చుకోని పాఠం అది. బుడ్డలు పీకే కాలం వస్తే ఆ పిల్ల పదిహేను రోజులు కనబడేది కాదు. నా హాజరుపట్టీలో ఆ పదిహేను గళ్లూ ఏటా ఖాళీయే. హిచిన్ చుట్టుపక్కల కూడా ఒకప్పుడు గోధుమగడ్డిని జడల్లా అల్లి లూటన్ టోపీల వాళ్లకు అమ్మేవారట, ఆ పనికి పిల్లల సన్నటి వేళ్లు కావాల్సి వచ్చేవట. పాత దస్త్రాలు ఎత్తిరాస్తున్న ఒకాయనకు నా బుడ్డల సంగతి చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి చాలాసేపు నావైపు చూశాడు. మాకిద్దరికీ ఆ ఖాళీ గళ్లు తెలుసు.

కవి మాథ్యూ ఆర్నాల్డ్ ఇన్‌స్పెక్టరుగా ఈ బడి చూశాడని గర్వంగా చెప్పారు వాళ్లు. గర్వపడాల్సిందే. అయితే నాకు ఆ హాల్లో కనబడింది కవీ కాదు, బెల్ కాదు, లాంకాస్టర్ కూడా కాదు. 1838లో అమెరికాలో గుర్రపుబండి కింద పడి చనిపోయాడు లాంకాస్టర్. 1832లోనే పోయిన బెల్‌ను వెస్ట్‌మినిస్టర్ అబీలో పాతిపెట్టారు. వాళ్లిద్దరికీ ఎక్కడో ఒకచోట గుర్తుంది. ఎగ్మూరు దారిలో బెల్ చూసిన ఆ బడి అయివారికి పేరు లేదు. తను చెబుతున్న పాఠం ఓడెక్కి పోతోందని ఆయనకు తెలియదు. ఇసుకలో ఆ రోజు రాసిన అక్షరాన్ని ఆయనే చెరిపేసి ఉంటాడు, మర్నాటి పాఠం కోసం. కడపటికి ఆయనకున్న గుర్తు ఏదైనా ఉందంటే అది హిచిన్‌లో ఆవిడ రోజూ చదును చేసే ఆ పెట్టెడు ఇసుకే.

నేను రిటైరైన కొన్నేళ్లకు పిల్లలు తగ్గారని మా బడిని పక్కూరి బడిలో కలిపేశారు. గదికి తాళం వేశారు. తిరిగొచ్చాక ఒక ఆదివారం బస్సెక్కి వెళ్లి చూశాను. లోపల ఎవరిదో పశుగ్రాసం. గోడ మీద ఎక్కాలు పన్నెండో ఎక్కం దాకా కనబడుతున్నాయి, మిగతావి తేమకు పోయాయి. రిజిస్టర్లు బీరువాలో చెదలు పట్టి ఉన్నాయి. కొన్ని పుటలు మాత్రం చదవడానికి వచ్చాయి. ఆ ఖాళీ గళ్లు బాగానే ఉన్నాయి.

బుడ్డల పిల్ల అదే ఊళ్లో అంగన్‌వాడీ ఆయాగా ఉంది ఇప్పుడు. ఇద్దరు పిల్లల తల్లి. ఫోన్లో హిచిన్ ఫొటోలు చూపించాను. ముసలాళ్లే చేస్తున్నారా మేడం అంతా, అంది. తర్వాత ఏమీ మాట్లాడలేదు. ఉగాదికి మూడు రోజుల ముందు ఫోన్ చేసింది. గుడికి తెచ్చిన సున్నంలో రెండు మూటలు మిగులుతాయంట, పంచాయతీలో తాళం చెవి అడిగి తీసుకున్నాం, గడ్డి మా మామ వాళ్లదే, తీయించేశాం, కానుగ చెట్టు కింద ఇసుకంతా మట్టిలో కలిసిపోయింది, ఎంత తెమ్మంటారు, అని అడిగింది.

ఒక పెట్టెడు చాలన్నాను.

ఇప్పుడు ఆదివారాలు పొద్దున్నే ఏడింటికి గది తెరుస్తారు. హైస్కూలు పిల్లలు వచ్చి చిన్నవాళ్లకు చెబుతారు. నేను నెలకోసారి వెళ్తాను. మొదటిసారి వెళ్లినప్పుడు తాత సంగతి చెప్పి, అందరికంటే ముందొచ్చిన పిల్ల అరచేతిలో పెన్నుతో ‘శ్రీ’ రాశాను. రెండోవాడికి చుక్క పెట్టాను. మూడోవాడు అలవాటు లేకపోయినా చెయ్యి చాపి కళ్లు గట్టిగా మూసుకున్నాడు, నా చెయ్యి తలమీద పడ్డాక తెరిచాడు. ఆ ముందొచ్చిన పిల్ల బుడ్డల పిల్ల కూతురే. శ్రీ చెరిగిపోతుందని ఆ రోజంతా పిడికిలి విప్పలేదట. మధ్యాహ్నం మజ్జిగన్నం వాళ్లమ్మే తినిపించిందట.